ఓడకు పనికిరాని ఊపిరి

"బీడీలు మానెయ్యి. దగ్గు దానంతటదే తగ్గుతుంది" అన్నాడు ఫ్యాక్టరీ డాక్టరు, తల ఎత్తకుండానే.

సంగప్ప బుద్ధెరిగాక ఒక్క బీడీ ముట్టించలేదు. తండ్రి చుట్ట తాగేవాడు. ఆ వాసన పడక కొడుకు చిన్నప్పుడే వాకిట్లో పక్క వేసుకున్నాడు. పటాన్‌చెరు రోడ్డు మీది చాయ్ హోటల్లో తోటివాళ్లు బీడీ అందిస్తే "నాకద్దు తమ్మీ" అని గ్లాసు పట్టుకుని అవతల బల్ల మీదికి జరిగేవాడు. ఈ సంగతి హోటలతనికి తెలుసు. ఫ్యాక్టరీలో అతనితో పనిచేసే ప్రతివాడికీ తెలుసు. డాక్టరుకు మాత్రం సంగప్ప చెప్పలేదు. "మంచిది సార్" అన్నాడు. ఇచ్చిన బిళ్లలు తువాలు కొసకు కట్టుకుని బయటికొచ్చాడు. దగ్గు మొదలైన నాటి నుంచి ఎప్పుడు వెళ్లినా డాక్టరుది ఆ మాటే, సంగప్పది ఆ జవాబే.

ఎందుకు ఊరుకున్నాడని అడగొచ్చు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత ఉంది. కాని అసలు కారణం వేరు. తప్పు తనదేనని సంగప్ప మనసారా నమ్మాడు. బీడీ తాగిన తప్పు కాదు, బెల్లం తినని తప్పు.

ఈ బెల్లం సంగతి బయటివాళ్లకు తెలియదు, చెప్పాలి. ఆ ఫ్యాక్టరీలో ఇనుము కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, నీళ్ల పంపుల భాగాలు తయారు చేస్తారు. పోత చల్లారాక దాని ఒంటికి మాడిన ఇసుక కరుచుకుని ఉంటుంది. దాన్ని ఉలితో కొట్టాలి, గ్రైండరు పట్టి గీకాలి. ఆ పని జరిగే రేకుల షెడ్డును ఫెట్లింగ్ షాపంటారు. లోపలికి పోయిన మనిషి సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు కనురెప్పల మీద కూడా బూడిద రంగు పొడి ఉంటుంది. ఎదురుగా నిలబడి పనిచేసేవాడి గ్రైండరు మోత వినబడుతుంది గాని ముఖం కనబడదు. ముక్కుకు అడ్డం కట్టుకోవడానికి కంపెనీ గుడ్డపేలిక కూడా ఇవ్వదు. ఇచ్చేది ఒక్కటే. షిఫ్టు దిగేటప్పుడు గేటు దగ్గర మేస్త్రీ నిలబడి ఒక్కొక్కడి చేతిలో బెల్లం ముక్క పెడతాడు. బెల్లం తింటే గొంతులోని దుమ్ము కడుపులోకి జారిపోతుందని మేస్త్రీ చెప్పాడు. మేస్త్రీకి సూపర్వైజరు చెప్పాడు. సూపర్వైజరుకు ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు.

సంగప్ప ఆ ముక్క తినేవాడు కాదు. తువాలులో చుట్టి ఇంటికి తెచ్చేవాడు. ఇద్దరు ఆడపిల్లలు గడపలో కూర్చుని తండ్రి ముఖం కంటే ముందు తువాలు చూసేవాళ్లు. పిల్లలు తినగా మిగిలింది ముత్యమ్మ డబ్బాలో దాచి బతుకమ్మ పండుగకు రొట్టెల పొడిలో కలిపి మలీద ముద్దలు కట్టేది. "మా ఇంటాయన కంపెనీ బెల్లం" అని గొప్పగా వాడంతా పంచేది. దగ్గు మొదలయ్యాక మొగుడూ పెళ్లాలిద్దరికీ ఒకటే తట్టింది. మందు ఇచ్చారు, తినలేదు, పిల్లలకు పెట్టారు, దుమ్ము లోపలే ఉండిపోయింది. ఇంక కంపెనీని అనడానికి నోరెక్కడిది?

సంగప్పది రుద్రారం దగ్గరి ఊరు. జొన్నా కందీ పండే చెలక ఉండేది. అరవైల నడుమ ఫ్యాక్టరీకని భూములు తీసుకున్నప్పుడు అదీ పోయింది. భూమి పోయిన ఇంటికి ఒక కొలువన్నారు. చదువుకున్నవాళ్లకు, బయటి నుంచి పని నేర్చుకుని వచ్చినవాళ్లకు మిషన్ల దగ్గర చోటు దొరికింది. ఊరివాళ్లకు ఫెట్లింగ్ షాపు దొరికింది. సంగప్ప అదే అదృష్టమనుకున్నాడు. ముత్యమ్మ ద్రాక్షతోటల్లో కూలికి పోయేది. ఇద్దరూ కలిసి పిల్లల్ని బడికి పంపారు. ఇంతే వాళ్ల కథ, ఆ బహుమానం రాకపోయి ఉంటే.

డెబ్బై ఏడులో ఎమర్జెన్సీ ఎత్తేశారు. "మాటలు తక్కువ, పని ఎక్కువ" అన్న రాతలు మాత్రం షెడ్డు గోడల మీద ఇంకా చెరగలేదు. ఆ ఏడు వానకాలంలో కంపెనీ ఒక ప్రకటన చేసింది. పదేళ్లు నాగా లేకుండా పనిచేసిన కార్మికుడికి భార్యతో సహా ఏదైనా దీవికి విహారం. ఖర్చంతా కంపెనీది. యజమాని ఏ దేశంలోనో అలాంటిది చూసొచ్చాడట. ఒక్కో షాపు నుంచి ఒక్కొక్కరిని ఎంచారు. ఫెట్లింగ్ షాపులో సంగప్ప ఒక్కడే మిగిలాడు. అతనితో పాటు చేరినవాళ్లలో కొందరు దగ్గుతో ఊళ్లకు పోయారు. కొందరు ఊళ్ల నుంచి కూడా పోయారు. పదేళ్లు నిండిన మొదటి మనిషి ఇతనేనని చప్పట్లు కొట్టారు గాని, ఇతనే ఎందుకు మొదటివాడయ్యాడని ఎవరూ అనుకోలేదు.

వెల్ఫేర్ ఆఫీసరు చలపతిరావు కోస్తా నుంచి వచ్చినవాడు. మాట మెత్తన. సంగప్పను పిలిచి కుర్చీ చూపించాడు. సంగప్ప కూర్చోలేదు.

"రెండు దార్లున్నాయయ్యా. ఒకటి, విశాఖపట్నంలో ఓడెక్కి అండమాన్ దీవులు చూసి రావడం. పడకా తిండీ అంతా ఓడ మీదే. రెండోది, రైల్లో రామేశ్వరం. అదీ దీవే. సముద్రం ఒడ్డున సత్రంలో గది తీసి పెడతాం, కదలకుండా పది రోజులుండొచ్చు. మీ ఆవిడతో మాట్లాడి ఏ సంగతీ చెప్పు."

షాపులోకి వచ్చేసరికి ఓదెలు కాచుకుని ఉన్నాడు. సంగప్ప ఎదురు గ్రైండరు అతనిదే. వయసులో చిన్నవాడు, నోట్లో మాట ఆగదు.

"ఏం కాకా, ఓడెక్కుతవట! మునిగితే ఈదొస్తదా?"

"ఈత రాదుర."

"మరేం ఫికర్ లేదు తియ్. మునుగుడొక్కటే వస్తే సాలు."

అందరూ నవ్వారు. నవ్వు సగంలో ఒకరి తర్వాత ఒకరికి దగ్గొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం త్రినాథరావు సంగప్ప ఇంటికి వచ్చాడు. ఇతను అచ్చులకు చెక్క నమూనాలు చేసే వడ్రంగి. సొంతూరు భీమునిపట్నం, కాపురం బీరంగూడలో. అతని బావమరిది పోర్ట్‌బ్లెయిర్లో ఉంటాడు కాబట్టి ఆ ఓడ రెండుసార్లు ఎక్కాడు. తెలిసినవాణ్ణి అడుగుదామని సంగప్పే పిలిచాడు. ముత్యమ్మ చాయ్ ఇచ్చి తలుపు దగ్గర కూర్చుంది.

"ఓడంటే ఏటనుకున్నావు సంగప్పా? మేడలాగుంటాది. ఎక్కి మూడు పగళ్లు పోతే గానీ దీవి కనబడదు. నీకిచ్చే టిక్కెట్టుకి పడక అడుగునే. ఇంజను మోత, నూనె కంపు. అయితే పగలల్లా పైకొచ్చి కూకోవచ్చు, ఎవడూ పొమ్మనడు. దీవి దగ్గర ఆగితే పొద్దున్న దింపుతారు, చూసుకుని సాయంత్రానికి మళ్లీ ఓడెక్కెయ్యాల."

"నీళ్ల మీదనే పండుడా?" ముత్యమ్మ చెంప మీద చెయ్యేసుకుంది. "అమ్మో! మంజీర పొంగితే ఒడ్డున నిలబడ్తందుకే నాకు కండ్లు తిరుగుతయి. రామేశ్వరమే మంచిది. రైల్ల పోతం, నేల మీద పంటం, దేవునికి మొక్కుతం. ఏమన్నా, నువ్వన్న చెప్పు మీ దోస్తుకు."

"నన్ను మధ్యలో ఇరికించకమ్మా. దొరికింది కంపెనీ సొమ్ము, ఏది తిన్నా తీపే."

సంగప్ప చాయ్ గ్లాసు తిప్పుతూ ఉన్నాడు. తిప్పడం ఆపి అడిగాడు.

"త్రినాథన్నా, సముద్రం మీద దుమ్ముంటదా?"

త్రినాథరావు పగలబడి నవ్వాడు. "నీళ్ల మీద దుమ్మేటి నాయనా! ఉప్పుగాలి తప్ప ఏటీ ఉండదు."

"రామేశ్వరంల?"

"అదంతా ఇసకే. గాలి లేచిందంటే నెత్తిలో ఇసక, అన్నంలో ఇసక. మా అమ్మని తీసుకెళ్తే తిరిగొచ్చి నెల్లాళ్లు పక్క దులుపుకుంది."

సంగప్ప గ్లాసు కింద పెట్టాడు. "నేను ఓడనే ఎక్కుత."

"నన్ను ముంచి ఇంకోదాన్ని తెచ్చుకుంటందుకా?" అంది ముత్యమ్మ.

"నిన్నొక్కదాన్నే సాకలేక సస్తున్న, ఇంకోదాన్ని యాడ సాకాలె?" అని అతను నవ్వబోయాడు. దగ్గు తెర వచ్చింది. నడుం వంచి, మోకాళ్లు పట్టుకుని, అది తగ్గేదాకా ఆగాడు. పిల్లలు ఆట ఆపి చూశారు. ఆ తర్వాత చాలా చిన్న గొంతుతో అన్నాడు. "ఇసుక లేని జాగల ఒక్కతూరి పండాలె ముత్యమ్మా. ఒక్కతూరి ఊపిరి పీల్చి సూడాలె."

ముత్యమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

"సరే తియ్. మునిగితే ఇద్దరం మునుగుతం. పిల్లలను మా అన్న ఇంట్ల ఇడుస్తం. గని ముందే చెప్తున్న, నాకు వాంతొస్తే నీ తువాలలనే."

ఆ వారం ఆమె అన్న వచ్చి చెల్లెలికి ఒడిబియ్యం పోశాడు. సముద్రం దాటేవాళ్లను ఉత్తచేతులతో ఎట్లా పంపుతారని వాడవాళ్లు అన్నారు. ఒకామె సముద్రంలో వెయ్యమని పసుపు కుంకుమ పొట్లం ఇచ్చింది. ఇంకొకామె సీసాలో సముద్రపు నీళ్లు తెమ్మంది. సంగప్ప చెలక పోయాక ఆ ఇంట్లో అంత సందడి కావడం అదే మొదలు.

అతను చలపతిరావు దగ్గరికి వెళ్లి ఓడ అని చెప్పాడు. "భేష్. ఓడవాళ్లు డాక్టరు మాట అడుగుతారు. నేనూ అటే వస్తున్నా, పద" అన్నాడు ఆఫీసరు. ఇద్దరూ ఫ్యాక్టరీ దవాఖానాకు నడిచారు. దారిలో సంగప్ప రెండుచోట్ల ఆగితే చలపతిరావు కూడా ఆగాడు, అటూ ఇటూ చూస్తూ.

డాక్టరు చొక్కా విప్పించి వీపు మీద గొట్టం పెట్టాడు. ఎప్పుడూ ఒక్కచోట పెట్టి తీసేసేవాడు, ఆ రోజు చాలాచోట్ల పెట్టాడు. తీసి చలపతిరావు వైపు తిరిగాడు.

"ఓడేమిటండీ! ఈ ఊపిరితిత్తులతోనా? లోపలంతా పాడైపోయింది. నడిసముద్రంలో ఆయాసం ఎక్కువైతే ఆక్సిజన్ ఎవడిస్తాడు? పోయాడంటే మన మెడకి చుట్టుకుంటుంది. నేనొప్పుకోను. రైల్లో రామేశ్వరం పంపించండి, దారి పొడుగునా ఆసుపత్రులుంటాయి."

చలపతిరావు కళ్లతో సైగ చేశాడు. డాక్టరు అప్పుడు చూశాడు, రోగి ఇంకా అక్కడే ఉన్నాడని.

సంగప్ప చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. కింది నుంచి ఒక్కొక్కటే పెట్టుకుని అడిగాడు.

"సార్, రేపు నాది పొద్దు షిఫ్టు. పనికి పోవచ్చునా?"

"డ్యూటీకేముంది, ఫిట్టే. బీడీలు మాత్రం మానెయ్యి."

ఆ గదిలో అన్న మాటలే ఇవి. ఓడ మీద ఊరికే కూర్చోవడానికి పనికిరాని ఊపిరి మర్నాడు పొద్దున గ్రైండరు పట్టడానికి పనికొచ్చింది. డాక్టరు ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో అన్నాడు.

బయట సంగప్ప మెట్ల మీద కూర్చునేసరికి ఓదెలు కనబడ్డాడు. చేతికి కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు.

"ఏంది కాకా, బెల్లం కొట్టిన రాయి లెక్క కూసున్నవ్?"

సంగప్ప అతనివైపు చూశాడు. "ఓదెలూ, నువ్వు బెల్లం తింటవా?"

"తినకేం జేస్త? గేటు దాటకముందే నోట్లేసుకుంట."

"దినాం?"

"దినాం."

"మరి నీకెందుకురా దగ్గు?"

ఓదెలు నోరు తెరిచాడు. జోకు రాలేదు. దగ్గొచ్చింది.

ఇంటికి వచ్చి సంగప్ప జరిగిందంతా చెప్పాడు. డాక్టరన్నది, ఓదెలు అన్నది. ముత్యమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. "నేనే తెమ్మన్న బెల్లం" అంది. "నీ నోటి ముందటిది గుంజి పిల్లలకు పెట్టిన."

"కాదే. బెల్లంతోని అయ్యేది కాదు, పొయ్యేది కాదు. వాళ్లకు ముందే ఎరుక."

ఓదార్పు అనుకుని అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. "మరి గిన్నొద్దుల సంది నన్ను నేను తిట్టుకున్న గదయ్యా! మలీదలు కట్టినప్పుడల్లా నా పాపమే నిన్ను తింటుందనుకున్న. ఆ డాక్టరు ఒక్కపారన్న గిది బీడీ కాదు, బెల్లం కాదు, దుమ్ము అని అంటే వాని నోరు పోతుండెనా?" అని పొయ్యిలో కట్టె అటూ ఇటూ లాగింది. అన్నం మాడిపోయింది. మాడిన అన్నమే తిన్నారు.

బహుమానాల సభ క్యాంటీన్లో పెట్టారు. కాగితపు తోరణాలు, శాలువాలు, ఫోటో తీసేవాడు. కార్మికులంతా బెంచీల మీద ఉన్నారు. ముత్యమ్మను ఆడవాళ్ల వరుసలో ముందు కూర్చోబెట్టారు. సంగప్పను వేదిక మీదికి పిలిచి మేనేజరు శాలువా కప్పాడు. చలపతిరావు మైకులో, "ఫెట్లింగ్ షాపులో పదేళ్లు పూర్తిచేసిన మన సంగప్ప దంపతులకు రామేశ్వర ద్వీప యాత్ర" అని చదివాడు.

సంగప్ప శాలువా కొసలు పట్టుకుని నిలబడ్డాడు. దిగలేదు.

"సార్, నేను ఓడ అడిగిన."

"నీ ఆరోగ్యం కోసమే మార్చాం సంగప్పా."

"నా పానానికేమైంది సార్?"

మైకు చలపతిరావు చేతిలోనే ఉంది. ఆ ప్రశ్న అందరికీ వినబడింది.

"బీడీ దగ్గే అయితే నన్ను ఓడెక్కియ్యుండ్రి. ఓడ వద్దంటే నాకేం రోగమున్నదో గీ నలుగురిల చెప్పుండ్రి. రెండిట్ల ఏదన్న ఒకటి జేయుండ్రి."

"ఇది సంతోష సమయం. తర్వాత మాట్లాడుకుందాం."

"పదేండ్లు మాట్లాడలే సార్. ఇంకెంత తర్వాత?"

ఎవరైనా ఒక్కరు లేచి "చెప్పండి సార్" అని ఉంటే కథ వేరుగా ఉండేది. లేవలేదు. యూనియన్ నాయకుడు నీళ్ల గ్లాసు ఎత్తుకుని తాగాడు. త్రినాథరావు మూడో వరుసలో కూర్చుని తన చెప్పులు చూసుకున్నాడు. ఫెట్లింగ్ షాపు బెంచీల్లో దగ్గు మాత్రం ఆగలేదు. ఓదెలు లేవబోతే పక్కవాళ్లు చొక్కా పట్టి కూర్చోబెట్టారు. ఇంటికి ఒక్క కొలువు, అదీ పోతే చెలక కూడా లేదు. వాళ్లను తప్పుపట్టడం తేలిక. కాని ఆ మౌనం మీదే ఆ షెడ్డు నిలబడి ఉంది.

సంగప్ప శాలువా మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. వేదికకు నాలుగే మెట్లు. దిగేసరికి ఆయాసం వచ్చి కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. ముత్యమ్మ వెళ్లి భుజం ఇచ్చింది. ఫోటో తీసేవాడు కెమెరా దించుకున్నాడు.

బహుమానం రద్దయింది. నెల తిరక్కముందే, పనికి ఫిట్టేనన్న ఆ డాక్టరే ఏ పనికీ పనికిరాడని చెప్పాడు. ఉద్యోగం పోయింది. కారణం మాత్రం మారలేదు. బీడీ దగ్గు.

సముద్రం పోయినా ముత్యమ్మ దీవిని వదల్లేదు. చలికాలం మొదట్లో ఒకరోజు, "దీవే గద నీకు కావాలె? మనకు లేదా?" అంది. మంజీర పాయలు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట ఏడుపాయల ఉంది. పాయల నడుమ నేల, అమ్మవారి గుడి, చుట్టూ నీళ్లు. జోగిపేట దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. సంగప్పను దింపడానికి కండక్టరు చెయ్యి పట్టాల్సి వచ్చింది. జాతర రోజులు కావు కాబట్టి జనం లేరు. బండల పక్కన చెట్టు కింద చాప పరుచుకుని మూడు రాళ్లు పెట్టి వండుకున్నారు.

మర్నాడు పొద్దున పుట్టి నడిపేవాడు అడిగాడు. "ఎక్కుతరా, ఒడ్డు మీదనే ఉంటరా?"

పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ. సంగప్ప పెళ్లాం వైపు చూశాడు. ఒడ్డు మీదనే అంటుందనుకున్నాడు. ముత్యమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని అతనికంటే ముందు ఎక్కి కూర్చుంది. ఎక్కి కళ్లు గట్టిగా మూసుకుని అతని మోచేయి పట్టుకుంది. పుట్టి నీళ్లలో మెల్లగా గిరగిర తిరిగింది.

"కండ్లు తెరువే."

"తెరువ."

"ఎంత మంచిగున్నదో సూడు."

"నువ్వు సూసి చెప్పు."

అతను చూసి చెప్పాడు. కొంగలు, బండలు, దూరంగా ఒడ్డున చెరుకు. గాలి తేటగా ఉంది. నోరు తెరిచి పీల్చాడు. లోపలికి ఎంత పోగలదో అంతే పోయింది, మిగతాది బయటే ఉంది. అయినా పీల్చాడు.

ముత్యమ్మ కళ్లు మూసుకునే కొంగు ముడి విప్పి ప్రసాదం బెల్లం అతని చేతిలో పెట్టింది. నోట్లో వేసుకున్నాడు.

"ఏమన్న కిందికి జారుతుందా?" అంది.

"జారుతుంది, తియ్యగ. గంతే. బెల్లం బెల్లమేనే ముత్యమ్మా. దవా కాదు."

అప్పుడు ఆమె కళ్లు తెరిచింది.

సంగప్ప మరుసటి ఎండాకాలం చూడలేదు. చివరి వారాల్లో పట్నం సర్కారు దవాఖానాలో ఒక డాక్టరు ఛాతీ ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పెట్టి చూపించాడట. ఇది ఊపిరితిత్తుల్లో ఇసుకపొడి పేరుకుని వచ్చే జబ్బు, దీనికి మందు లేదు, బీడీతో వచ్చింది కాదు అన్నాడు. ఆ మాట వినడానికి సంగప్ప పదేళ్లు ఆగాడు. విని, ముత్యమ్మతో, "చెప్పిండు సూడు" అన్నాడు. ఆ గొంతులో సంతోషం లాంటిది ఉందని ఆమె ఇప్పటికీ అంటుంది. చెప్పేటప్పుడు మాత్రం ఏడుస్తుంది.

ముత్యమ్మ కేసు వేసింది. కంపెనీ వకీలు జవాబు ఒక్కటే: ఇతను విపరీతంగా బీడీలు తాగేవాడు, షాపులో దుమ్ము నివారణకు కంపెనీ తగిన జాగ్రత్తలు తీసుకుంది. ఆ జాగ్రత్త పేరు బెల్లం. ముత్యమ్మను ఏం కావాలని అడిగితే, "పైసలిస్తే ఇయ్యని, లేకుంటె లేదు. మా ఆయన బీడీ తాగలే అని కంపెనీ పెద్ద సారు నోట రావాలె" అంటుంది. ఓదెలు సాక్ష్యానికి ఒప్పుకున్నాడు. అతని కొలువు కూడా పోయింది, దగ్గు మిగిలింది. ఒక్క సాక్షి సరిపోడని ముత్యమ్మ వకీలు అంటున్నాడు. త్రినాథరావు ముత్యమ్మకు కనబడినప్పుడల్లా "చూద్దామమ్మా, పిల్లల చదువులున్నాయి" అంటున్నాడు.

విచారణ వచ్చే నెల మొదటి సోమవారం సంగారెడ్డిలో. ఇది చదివినవాళ్లలో సంగప్పతో పనిచేసినవాళ్లు ఉంటారు. మీరు క్యాంటీన్లో లేవలేదు. ఇప్పుడు లేవండి. మీకు తెలిసింది చెప్పండి, అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు. షెడ్డులో ఏముండేది, ముక్కుకు ఏం కట్టుకునేవాళ్లు, గేటు దగ్గర ఏం చేతిలో పెట్టేవాళ్లు. సంగప్పను ఎరగనివాళ్లు ఒక పని చెయ్యండి. మీ దగ్గరి ఫ్యాక్టరీ గేటు ముందు షిఫ్టు వదిలే వేళకు నిలబడండి. బెల్లం ముక్కతో బయటికి వచ్చే మనిషి కనబడితే ఆపి, అది మందు కాదని చెప్పండి. సర్కారు దవాఖానాకు తీసుకుపోయి ఛాతీ ఫోటో తీయించండి. ముక్కుకు కట్టే సరైన తొడుగు ఇచ్చేదాకా, దుమ్ము లాగే పంకాలు పెట్టేదాకా గ్రైండరు పట్టబోమని వాళ్లు అన్న రోజున పక్కన నిలబడండి.

పటాన్‌చెరు రోడ్డు మీద బీడీలు అమ్మే దుకాణదారులారా, మీరూ రండి. సంగప్పకు ఎప్పుడైనా ఒక్క బీడీ అమ్మినవాళ్లుంటే వచ్చి ఆ మాటే చెప్పండి. అమ్మనివాళ్లు మాత్రం తప్పకుండా రండి.